చారన్నం కూడా తిండేనట

ఇప్పుడు నేను బాగానే ఉన్నాను. పొద్దున్నే కాలేజీ గ్రౌండులో నాలుగు చుట్లు తిరుగుతున్నాను, రెండు పూటలా అన్నం సహిస్తోంది. చదివేవాళ్ళు కంగారు పడకుండా చదువుకుంటారని ఈ మాట మొదటే రాస్తున్నాను. మా అన్నయ్య విషయంలో అలా జరగలేదు. అదీ ముందే చెప్పాలి.

1997

అన్నయ్య నర్సీపట్నం డిపోలో కండక్టరు. ఎక్కిన ప్రతివాణ్ణీ ఏదో ఒకటి అని నవ్వించేవాడు. చివరి రెండేళ్ళూ తన సీటు మీద తువ్వాలు నాలుగు మడతలు వేసుకుని కూర్చునేవాడు. ఎందుకని అడిగితే "బస్సు ఉద్యోగం కదరా, మొలలు" అనేవాడు. గొలుగొండ వెళ్ళినప్పుడల్లా అక్కడి నాటువైద్యుడు నాయుడుగారి దగ్గర పొడి తెచ్చుకునేవాడు.

మా వైపు నాటుమందుకి ఒక నియమం ఉంది. ఇచ్చినవాడు అందులో ఏం కలిపాడో చెప్పడు. పుచ్చుకున్నవాడు తాను పుచ్చుకుంటున్నట్టు చెప్పడు. చెబితే మందు పట్టదంటారు. అన్నయ్య ఈ నియమాన్ని వదిన దగ్గర కూడా పాటించాడు. తీరా మాకు తెలిసేసరికి పేగు దాదాపు మూసుకుపోయింది. క్యాన్సరన్నారు. విశాఖపట్నం ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వదిన సత్రంలో చారు కాచి, అన్నం మెత్తగా కలిపి, చిన్న స్టీలు గిన్నెలో తెచ్చేది. అన్నయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని తల అడ్డంగా ఊపేవాడు. ఆవిడ మూత పెట్టి, ఆ గిన్నెని వచ్చిన బరువుతోనే తిరిగి తీసుకెళ్ళేది. నేను వెనకాల నడిచేవాణ్ణి. ఆ నెలల గురించి ఇంతకన్నా రాయను.

2003, వానాకాలం

నేను శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్ని. వారపత్రికల్లో డాక్టరు జవాబులు రాసే పేజీ ఒకటి ఉంటుంది. మగవాళ్ళ మూత్రం సంగతో, మలం సంగతో వచ్చిన వారం ఆ పేజీ సాయంత్రానికల్లా ఉండదు. ఎవరో చింపి జేబులో పెట్టుకుపోతారు. ఈ ఊళ్ళో మగవాళ్ళకి ఏం జబ్బులున్నాయో ఆసుపత్రి వాళ్ళకంటే ముందు నాకు తెలిసేది అలాగే.

నాకు అప్పటికి యాభై నాలుగు. రాత్రిళ్ళు మాటిమాటికీ లేవాల్సి వచ్చేది. సంతలో ఏజెన్సీ నుంచి దిగినవాళ్ళు అమ్మే పల్లేరు కాయలు తెచ్చి, దంచి కషాయం కాచుకుని తాగేవాణ్ణి. కాస్త హాయిగానే ఉండేది. నాతో నడకకి వచ్చే సన్యాసిరావుకి అబీద్ సెంటర్లో బట్టల కొట్టు ఉంది. అతను కూడా నడక మధ్యలో గోడ వైపు తప్పుకునేవాడు. "నీళ్ళెక్కువ తాగీసినానోయ్" అనేవాడు. "నేనూనూ" అనేవాణ్ణి. ఇద్దరం ఇంతకు మించి మాట్లాడుకోలేదు.

జూలైలో ఒకరోజు దొడ్డికి వెళ్ళినప్పుడు నెత్తురు కనబడింది. ముందురోజు గోంగూర పచ్చడి తిన్నాను కదా, వేడి చేసిందనుకున్నాను. మజ్జిగ తాగాను, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను. వారం పోయాక మళ్ళీ కనబడింది. అన్నయ్య తువ్వాలు గుర్తుకొచ్చింది. గుర్తొచ్చిన వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళానని రాయగలిగితే బాగుండేది. కానీ మనిషి భయపడినప్పుడు తెలిసిన దారినే పోతాడు. షేర్ ఆటో ఎక్కి గొలుగొండ వెళ్ళాను.

నాయుడుగారు డెబ్భై దాటిన మనిషి. నాడి పట్టుకుని చూసి, "మొలలేనా?" అన్నారు. "అవునండి" అన్నాను. నెత్తురు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మోదుగాకు పొట్లంలో పొడి కట్టి ఇచ్చారు. వంకాయ వద్దు, ఎండుచేప వద్దు, ఎవరితోనూ అనొద్దు. ఇవీ పథ్యాలు. నాలుగు రోజుల్లో విరేచనం సాఫీగా అయింది, నెత్తురూ కనబడలేదు. మందు పట్టిందని సంతోషించాను. ఆగస్టులో మళ్ళీ కనబడింది.

వదిన ఇల్లు మా పక్కనే. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడా మా ఆవిడ రాజ్యమూ చాకలికి వేసే బట్టలు ఎంచుతున్నారు. నా చొక్కా చేతిలోకి తీసుకుని వదిన ఆగిపోయింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"కిష్టా, ఏటిది?"

నేను ఆరో తరగతిలో ఉండగా ఆవిడ మా ఇంటికి కోడలిగా వచ్చింది. అప్పటికే మాకు అమ్మ లేదు. అందుకని ఇప్పటికీ నన్ను అలాగే పిలుస్తుంది.

"ఏం లేదు వదినా. వాము పొడి. అరుగుదలకి."

"వాము వాసన నాకు తెల్దేటి? ఇది మీయన్నయ్య జేబు వాసన." చొక్కా కింద పెట్టలేదు. "నెత్తురు పడతందా?"

మా ఇంట్లో ఏ ఆడమనిషీ ఏ మగవాణ్ణీ అంతవరకు ఆ మాట అడగలేదు. రాజ్యం నా మొహం వంక చూస్తోంది.

"పడుతోంది" అన్నాను.

మందు నియమం అక్కడితో తప్పిపోయింది. రాజ్యం లేచి వంటగదిలోకి వెళ్ళింది. ఆ పూట నుంచి నాతో మాట్లాడటం మానేసింది. అన్నం వడ్డించేది, మంచినీళ్ళు పెట్టేది. మాట మాత్రం గోడతోనో పిల్లితోనో అనేది. "కొందరికి కట్టుకున్నదాని కంటే పొట్లాలు కట్టినోళ్ళే దగ్గర" అని పిల్లికి చెప్పడం విన్నాను. పిల్లి కూడా నా వైపే చూసింది.

సెప్టెంబరు

యాభై దాటిన మగవాళ్ళకి ప్రోస్టేటు, పేగు పరీక్షలు ఉచితంగా చేస్తామని ఆటోకి మైకు కట్టి ఊరంతా చెప్పారు. విశాఖపట్నం నుంచి డాక్టర్లు వచ్చి కల్యాణమండపంలో శిబిరం పెట్టారు. పెళ్ళివారు కూర్చునే కుర్చీల్లో మేం వరసగా కూర్చున్నాం. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గదికి తెర కట్టి, లోపల పరీక్షలు. సన్యాసిరావు నా వెనకే ఉన్నాడు. రాజ్యం, వదిన గుమ్మం దగ్గర కూర్చున్నారు.

మొదటి మనిషి తెర తీసుకుని బయటికొచ్చాడు. మొహం ఎర్రబడి ఉంది.

"ఏటి సేసినారు?" అని వరసలోంచి ఎవరో అడిగారు.

"ఏట్నేదు. రక్తం తీసినారు."

"అంతేనా?"

ఆ మనిషి గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండా, "ఏలెట్టి సూసినారు" అని గబగబా మెట్లు దిగిపోయాడు.

వరస కదిలింది, కానీ ముందుకి కాదు. ఒకాయనకి పొలానికి నీళ్ళు పెట్టాలని జ్ఞాపకం వచ్చింది. ఇంకొకాయనకి బ్యాంకు పని. సన్యాసిరావు లేచి పంచె సర్దుకుంటూ, "బేరాల టైమోయ్, కొట్టు తియ్యాల" అన్నాడు. నేనూ కుర్చీ అంచుకి వచ్చేశాను. అప్పుడు గుమ్మం దగ్గర వదిన, కూర్చున్నచోటు నుంచి కదలకుండానే అంది:

"ఏటి సన్నాసిరావు గారూ, పురిటి గదిలో మేం ఎందరికి ఏటేటి సూపించుకున్నామో ఎరికేనా మీకు? ఒక్క ఏలుకి పారిపోతన్నారేటి?"

ఆడవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. రక్తం తీసే నర్సు సూది పక్కన పెట్టి నవ్వింది. రాజ్యం కూడా నవ్వింది. నేను చూస్తున్నానని తెలిసి ఆపేసింది. సన్యాసిరావు మళ్ళీ కూర్చున్నాడు. "ఇంక కొట్టు తీసినట్టే" అని గొణిగాడు. పొలం ఆయన గేటు దగ్గర్నుంచి వెనక్కొచ్చాడు.

ఆ పరీక్ష గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. దానికోసం భయపడినంత సేపట్లో పదో వంతు కూడా పట్టలేదు. తర్వాత డాక్టరు, "ఏమైనా మందులు వాడుతున్నారా? నాటువైనా సరే" అన్నాడు. చిన్నవాడే. నేను అన్నీ చెప్పాను. పల్లేరు కషాయం, మోదుగాకు పొట్లం, నెత్తురు, అన్నయ్య.

తెర అవతలి నుంచి సన్యాసిరావు గొంతు వినబడింది. "ఒరే కిష్టమూర్తీ, నువ్వూ పల్లేరేనా!"

డాక్టరు నవ్వి, మళ్ళీ మామూలుగా అయ్యాడు. "ప్రోస్టేటు గ్రంథి వయసుకి తగ్గట్టు కొంచెం పెరిగింది. చేతికి గడ్డేమీ తగల్లేదు, రక్తం ఫలితం కూడా చూసి చెబుతాం. కషాయం తాగితే హాయిగా ఉండొచ్చు. కానీ లోపల ఏముందో కషాయం చెప్పదు. నెత్తురు సంగతి మాత్రం ఇక్కడితో వదలకండి. మీ అన్నయ్యకి ఆ జబ్బు వచ్చింది కాబట్టి పేగులోకి కెమెరా గొట్టం పంపి చూడాలి. విశాఖపట్నం రండి."

బయటికి రాగానే వదిన, "ఏటన్నాడు?" అంది. చెప్పాను. విశాఖపట్నం అనగానే ఆవిడ చెయ్యి కుర్చీ చేతిని పట్టుకుంది. ఆవిడకి ఆ ఊరంటే ఒకే ఆసుపత్రి, ఒకే సత్రం. "ఎల్దాం" అంది. రాజ్యం, "ఏవండీ, ఏ బస్సుకి?" అంది. దాదాపు నెల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

అక్టోబరు

ఆసుపత్రికి దగ్గర్లో ఒక సత్రంలో దిగాం. ముందురోజు సాయంత్రం నుంచి ఏమీ తినకుండా, ఉప్పగా ఉండే ఒక మందునీళ్ళు వాళ్ళు చెప్పినంతా తాగాలి. తాగాక ఇంక మనిషి దొడ్డికి కాపలా కాయడమే. సత్రంలో వరండా చివర ఒకటే దొడ్డి. నేను చెంబుతో నిలబడితే మిగతావాళ్ళు మర్యాదగా పక్కకి తప్పుకునేవారు.

మా చిన్నతనంలో నెలకోసారి ఆముదం పట్టేవారు. అమ్మ పోయాక నాకు పట్టింది వదినే. విరేచనాలు అయిపోయాక వేడిగా చారన్నం పెట్టేది. అది తింటే కడుపు నిలబడేది, ఒంట్లోకి సత్తువ వచ్చేది. చారన్నం తినందే ఆముదం పని పూర్తయినట్టు కాదు. తెల్లవారుతూనే రాజ్యం స్నానానికి వెళ్ళింది. నేను మంచం మీద వాలిపోయి ఉన్నాను. వదిన కిరసనాయిలు స్టవ్వు వెలిగించడం, మిరియాల వాసన, స్టీలు గిన్నె, అన్నీ నాకు ఎంతో సహజంగా అనిపించాయి. "రెండు ముద్దలు తిను కిష్టా, కడుపు కట్టుకుంటాది" అంది. తిన్నాను. అందులో తప్పుందని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఆసుపత్రి హాల్లో నర్సు అడిగింది. "ఏమైనా తిన్నారా?"

"ఏమీ తినలేదమ్మా" అన్నాను. అబద్ధం కాదు, అలాగే అనుకున్నాను.

"ఏటి తింటాడమ్మా, నీరసం" అంది వదిన పక్కనుంచి. "రెండు ముద్దలు చారన్నం పెట్టినాను, అంతే."

నర్సు తలెత్తింది. "చారన్నం తిన్నారా?"

"ఇంకేటీ పెట్టనేదమ్మా. చారన్నమే."

"చారన్నం తిండి కాదా అమ్మా?"

"చారన్నం తిండేటి?" అంది వదిన, నిజంగానే ఆశ్చర్యపోయి.

హాల్లో కూర్చున్నవాళ్ళు రెండు పక్షాలయ్యారు. "పథ్యం కదండీ అది, తిండెలాగవుతాది?" అన్నాడు ఒక ముసలాయన. "అన్నం ఉన్నాక తిండే" అంది ఎవరో పెద్దావిడ. రాజ్యం తల పట్టుకుంది. "నేను స్నానానికి వెళ్ళి వచ్చేలోగానా!" అంది. మూలనుంచి మఫ్లరు చుట్టుకున్న ఒక మనిషి మెల్లగా అన్నాడు. "పథ్యమేనమ్మా. గాని ఈళ్ళ పథ్యం వేరు, మన పథ్యం వేరు."

గొంతు పోల్చుకుని తిరిగి చూశాను. గొలుగొండ నాయుడుగారు.

"మీరిక్కడ..." అన్నాను.

ఆయన మఫ్లరు ఇంకాస్త కిందికి లాక్కున్నారు. "బొట్టు బొట్టుగా వస్తందండీ, నెల్లాళ్ళయి. ప్రోస్టేటంటన్నారు. ఇచ్చే సెయ్యి తన మందు తాను పుచ్చుకోకూడదు కదా. ఒచ్చీసినాను." ఆయనతో ఎవరూ రాలేదు. ఇంట్లో కూడా చెప్పలేదట.

నా పరీక్ష మర్నాటికి వాయిదా పడింది. నాయుడుగారి రిపోర్టులూ మర్నాడే. పగలంతా ఖాళీ. "మళ్ళీ ఆ సత్రంలో కూకోలేను" అంది వదిన. నాయుడుగారితో కలిపి నలుగురం బీచికి వెళ్ళాం. అంత వయసులో, ఒకరి పేగు, ఒకరి మూత్రం సంగతి ఏమవుతుందో తెలియని పరిస్థితిలో, పనేమీ లేకుండా సముద్రం ముందు కూర్చోవడం విచిత్రంగా ఉంది. వాళ్ళు ముగ్గురూ కాల్చిన మొక్కజొన్న పొత్తులు తిన్నారు. నాకు కొబ్బరినీళ్ళు. రాజ్యం నేను ఏమీ నోట్లో పెట్టుకోకుండా పోలీసులా పక్కనే కూర్చుంది.

కొంతసేపయ్యాక వదిన, సముద్రం వైపే చూస్తూ అడిగింది. "నాయుడు గారూ, మా ఆయన మీ దగ్గరకి ఒచ్చినప్పుడు నెత్తురు సంగతి సెప్పినాడా?"

ఆయన పొత్తు ఒళ్ళో పెట్టుకున్నారు. ఆవిడ ఆ కండక్టరు భార్య అని ఆయనకి ముందే తెలుసన్నమాట.

"సెప్పనేదమ్మా. మొలలన్నాడు."

"మీరు అడిగినారా?"

"అడగనేదు." పొత్తు వంకే చూస్తూ, "అందులో ఉన్నది కరక్కాయ, వాము, సైంధవలవణం, కొంచెం సునాముఖి. సాఫీగా అవడానికే. ఇంకేటీ నేదు" అన్నారు. ఒక నాటువైద్యుడు తన మందు పేరుపేరునా చెప్పడం నేను వినడం అదే మొదలు.

వదిన లేచి వెళ్ళిపోతుందనుకున్నాను.

"అడగాల నాయుడు గారూ. మగోళ్ళు సెప్పరు. అడగాల" అంది.

"అడుగుతాను తల్లీ."

"పొత్తు సల్లారిపోతంది, తినండి."

మర్నాడు పొద్దున్న రాజ్యం కిరసనాయిలు స్టవ్వుని గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. పరీక్ష మత్తులో జరిగిపోయింది. మెలకువ వచ్చాక డాక్టరు చెప్పాడు. పేగు గోడకి చిన్న పిలకల్లాంటివి రెండు ఉన్నాయి, అక్కడికక్కడే తీసేశాం, పరీక్షకి పంపుతున్నాం. ఏమిటన్నది ఫలితం వచ్చాకే. శిబిరంలో తీసిన ప్రోస్టేటు రక్తం ఫలితం మాత్రం బాగానే ఉందన్నాడు. సగం భయం తగ్గింది, మిగతా సగం ఇంటికి తెచ్చుకున్నాం.

అన్నిటికంటే కష్టం ఆ ఎదురుచూపే. లైబ్రరీలో పుస్తకం తెరిస్తే ఒకే పేజీ మళ్ళీ మళ్ళీ చదివేవాణ్ణి. సన్యాసిరావు రోజూ కొట్టు కట్టేసి వచ్చి, మా అరుగు మీద కూర్చుని తన రక్తపరీక్ష బాగా వచ్చిన సంగతి చెప్పేవాడు. మొదట్లో విసుగేసింది. అది అతను నాకిచ్చే ధైర్యమని తర్వాత అర్థమైంది. రాజ్యం పిల్లితో మాట్లాడటం మానేసి నాతో మాట్లాడుతోంది. రాత్రి పడుకోబోతూ, "ఇంకేమైనా దాచారా?" అనేది. "లేదు" అనేవాణ్ణి. "అయితే పడుకోండి" అనేది.

ఫలితానికి ముగ్గురం వెళ్ళాం. డాక్టరు కాగితం చూసి, "క్యాన్సరు కాదు. వదిలేసి ఉంటే కొన్నేళ్ళకి అటు తిరిగి ఉండేది. మూడేళ్ళకి మళ్ళీ వచ్చి చూపించుకోండి" అన్నాడు. రాజ్యం ఆయనకి రెండుసార్లు దణ్ణం పెట్టింది. బయటికొచ్చాక వదిన మెట్ల మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అని పక్కన కూర్చున్నాను. ఆవిడ నవ్వుతోంది.

"చారన్నం తిండేటి అన్నాను కిష్టా నాను! ఆ నర్సమ్మ మొగం సూసినావా!"

అన్నయ్య పోయాక ఆవిడ అలా నవ్వడం అదే మొదటిసారి. మెట్లు ఎక్కేవాళ్ళు మమ్మల్ని చుట్టుదిరిగి వెళ్ళారు.

2006

చదివేవాళ్ళలో ఎవరికైనా ఉపయోగపడితే పడనీ అని రెండు మాటలు. కషాయం తాగేవాళ్ళు తాగండి, నేనూ ఇప్పటికీ అప్పుడప్పుడు తాగుతాను, డాక్టరుకి చెప్పే తాగుతాను. నెత్తురు కనబడితే మాత్రం వేడి చేసిందనుకోకండి, ఆ రోజే ఎవరితోనైనా అనండి. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు వస్తే మిగతావాళ్ళు ఏ బాధా లేకపోయినా వెళ్ళి చూపించుకోండి. లైబ్రరీలో డాక్టరు పేజీ ఇప్పటికీ చిరుగుతూనే ఉంది. చింపినవాళ్ళు మర్నాడు నా బల్ల దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, "మీరా పరీక్ష చేయించుకున్నారట కదా, నొప్పేమైనా..." అని అడుగుతున్నారు. నేను పెద్ద గొంతుతోనే చెబుతున్నాను.

ఈ ఏడు మళ్ళీ పరీక్షకి వెళ్ళాం. నాయుడుగారు కూడా బస్సెక్కారు. ఆయన ప్రోస్టేటుకి అప్పట్లోనే ఆపరేషనైంది. ఇప్పుడు గొలుగొండలో ఆయన దగ్గరికి ఎవరొచ్చినా నాడి పట్టక ముందే "నెత్తురు పడతందా?" అని అడుగుతారట. పడుతోందన్నవాళ్ళకి పొట్లం కట్టరు. అలాంటి ఇద్దర్ని వెంటబెట్టుకుని, తనే దగ్గరుండి చూపిస్తానని వచ్చారు. ముందురోజు సాయంత్రం సత్రంలో ముగ్గురం చెంబులు పట్టుకుని వరండాలో వరసగా నిలబడ్డాం. వదిన స్టవ్వు తాళంచెవి తనే తీసి రాజ్యం చేతిలో పెట్టింది. "నా మీద నాకే నమ్మకం నేదు" అంది.

ఈసారి ఏమీ లేదు. పేగు శుభ్రంగా ఉందన్నారు. మిగతా ఇద్దరిలో ఒకరివి నిజంగానే మొలలు, ఇంకొకరికి నాకులాగే ఒక పిలక, తీసేశారు. మత్తు దిగాక, డాక్టరు తినొచ్చన్నాక, వదిన సత్రానికి వెళ్ళి చారు కాచి తెచ్చింది. అదే స్టీలు గిన్నె. నాకు మొదటి ముద్ద పెట్టి నా మొహం వంకే చూసింది. మింగాను. రెండోది తిన్నాను, మూడోది తిన్నాను. తర్వాత ఆ ఇద్దరికీ పెట్టింది. ఇంకాస్త వెయ్యమని నేను చెయ్యి చాపేసరికి గిన్నె అడుగు కనబడుతోంది. ఆఖరి ముద్ద నాయుడుగారు నోట్లో పెట్టుకుంటున్నారు.

"మీకు పరీక్షేం లేదు కదండీ!" అంది రాజ్యం.

"తిండి కాదు కదమ్మా, చారన్నమే" అన్నారాయన.

సాయంత్రం నర్సీపట్నం బస్సులో వదిన కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్ళో గిన్నె. రోడ్డు బాగాలేని చోటల్లా ఖాళీ గిన్నె మీద మూత గలగలలాడుతోంది. ముందు సీట్లో మనిషి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ మూతని చేత్తో పట్టుకోలేదు. ఊరు వచ్చేదాకా దాన్ని అలాగే మోగనిచ్చింది.